గొంతు వెనక హోరు

రెండో తరగతి టీచరమ్మకు మొదట్లో ఫోన్లంటే గిట్టేది కాదు. పిల్లల చేతికి అవి వచ్చాయంటే చదువు అటకెక్కినట్టే అనేది. కానీ ఆమె తరగతి కిక్కిరిసి ఉండేది. ఒక్కొక్కరి చేత పాఠం పైకి చదివించాలంటే వంతు ఎప్పటికో గానీ వచ్చేది కాదు. అందుకని పిల్లలు ఇంట్లోనే అమ్మ ఫోన్లో చదివి, రికార్డు చేసి యాప్‌లో పంపాలని హెడ్మాస్టరు అన్నప్పుడు గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

తీరా మొదలయ్యాక ఆమే దానికి అతుక్కుపోయింది. కూరగాయలు తరుగుతూ వినేది, బస్సులో వినేది. ఎవరు ఒత్తులు మింగేస్తున్నారో, ఎవరికి వెనకనుంచి అక్క అందిస్తోందో ఇట్టే పట్టేసేది.

"నా మాటలకు ఒక్క చెవీ ఖాళీ ఉండదు. వాళ్లకు మాత్రం రెండూ రాసిచ్చేశావు," అని భర్త వేళాకోళం చేసేవాడు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు. గొంతు సన్నం, చదువు గడగడ. వాళ్ల నాన్నది లాండ్రీ. ముందు కొట్టు, వెనక ఇల్లు. అమ్మ, నాన్న, మంచం పట్టిన తాతయ్య అక్కడే ఉండేవారు.

చలి ముదిరే రోజుల్లో పిచ్చుక గొంతు మారింది. మాటలు సాగుతున్నాయి. చదివిన వాక్యమే మళ్లీ చదువుతోంది. వెనక ఏదో హోరు. యాప్ ఆమె చదువుకిచ్చే నక్షత్రాలు తగ్గించి, 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' అని చూపించింది.

"రాత్రి నిద్ర పట్టలేదా అమ్మా?" అని బళ్లో అడిగింది టీచరమ్మ.

"తల బరువుగా ఉంటోంది టీచర్. బడికొస్తే తగ్గిపోతుంది."

ఇది విని హెడ్మాస్టరు పకపకా నవ్వాడు. "బడికొస్తే తలనొప్పి తగ్గే పిల్లను నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా!"

టీచరమ్మా నవ్వింది. ఇంటికెళ్లాక మాత్రం పాత రికార్డింగులు వరసగా విన్నది. వెనకటివాటిలో హోరు లేదు. హోరు మొదలయ్యాకే గొంతు కుంగింది. ఆమె మనసు కీడు శంకించింది. పిల్ల తల్లికి ఫోన్ చేసింది.

"ఇంట్లో అందరికీ అలాగే ఉందండీ. మామయ్యగారైతే ఎప్పుడూ మగతగానే ఉంటున్నారు. చలి కదా, కిటికీలన్నీ బిగించేశాం."

"రికార్డింగులో వెనక ఆ హోరేమిటమ్మా?"

"జనరేటరండీ. కరెంటు పోతే పని ఆగిపోతోందని కొత్తగా తెచ్చారు. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని వెనక నడవాలో పెట్టారు."

"ఎందుకైనా మంచిది, డాక్టరుకు చూపించండి."

"సెలవురోజు వెళ్తామండీ."

సెలవు ఇంకా రానేలేదు. మర్నాటి సాయంత్రం పిచ్చుక రికార్డింగు వచ్చింది. "వాన వెలిసింది. చీమ బయటికి..." అంతే. మెత్తగా ఏదో ఒరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒట్టి హోరు. గడువు అయిపోగానే యాప్ దానంతటదే ఆపి పంపేసింది.

తల్లికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. బిగించిన కిటికీలు, నడవాలో జనరేటరు చప్పున గుర్తొచ్చాయి. టీచరమ్మ అంబులెన్సుకు చెప్పి, భర్త వెనక స్కూటరెక్కి లాండ్రీకి పరుగుతీసింది. ఇళ్లకు బట్టలిచ్చి అప్పుడే తిరిగొస్తున్నాడు పిల్ల తండ్రి.

"ఏంటి టీచరుగారూ, ఇలా వచ్చారు?"

"ముందు తలుపులు తీయండి! అన్నీ తీయండి!"

లోపల దీపం వెలుగుతోంది. తల్లి గోడకు ఆనుకుని కూలబడి ఉంది. పిచ్చుక చాప మీద ఫోన్ పక్కనే పడి ఉంది. టీచరమ్మ భర్త జనరేటరు ఆపాడు. టీచరమ్మ పిల్లను భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేసింది. మగవాళ్లిద్దరూ మిగతావాళ్లను మోసుకొచ్చారు.

వాసన లేని విషవాయువని, జనరేటరు పొగతోపాటు గదుల్లో నిండిందని ఆస్పత్రిలో చెప్పారు. తల్లీ కూతురూ బతికారు. తాతయ్య దక్కలేదు.

చాలా రోజులకు పిచ్చుక బడికి వచ్చింది. పుస్తకం తెరిచింది గానీ చదవలేదు. టీచరమ్మ కొంగు పట్టుకుని గుసగుసగా అడిగింది.

"ఆ రోజు తాతయ్య నేను చదివేది వింటూ నిద్రపోయాడు టీచర్. నేను సరిగ్గా చదవలేదా?"

"బాగా చదివావమ్మా," అంది టీచరమ్మ.