నడక నాది, మందులు నాయనవి

మా నాయన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఏడు మిషన్లుండేవి. ఆరు ఇంగ్లిషువి, ఒకటి తెలుగుది. గోరంట్లలో కింద ఎరువుల అంగడి, పైన ఇన్‌స్టిట్యూట్, దాని వెనక రెండు గదుల్లో మా కాపురం. చుట్టుపక్కల పల్లెల నుంచి లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లలు వచ్చేవాళ్ళు. ప్రతి మిషను మీదా అట్టతో చేసిన ఒక గూడు ఉండేది. చేతులు దాని కిందికి దూర్చి టైపు చేయాలి. అక్షరాలు కంటికి కనిపించకూడదు, వేళ్ళకే తెలియాలి.

నాయన పిల్లల వెనక తిరిగేవాడు కాదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, పేపరు దించకుండానే, "మూడో మిషను, నీ ఉంగరం వేలు నిద్రపోతాండాదా?" అనేవాడు. మూడో మిషను పిల్లవాడు ఉలిక్కిపడి వేలిని లేపేవాడు. తప్పు ఆయన చెవికి వినిపించేది. ఆ చెవి ఇంట్లోకీ వచ్చేది. వంటింట్లో నేను ఏ డబ్బా మూత తీశానో కిటికీ దగ్గర నుంచే చెప్పేవాడు.

ఇది జరిగింది వానలు పడని ఏడాది అంటే మా వైపు ఏమీ చెప్పినట్టు కాదు. అందుకని ఇలా చెబుతాను: నేను హిందూపురానికి బస్సులో పోయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, ఏడు మిషన్లలో నాలుగింటి గూళ్ళ మీద దుమ్ము కూర్చోవడం మొదలైనప్పుడు, నాయన ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. పిల్లలందరూ కంప్యూటర్ కావాలంటున్నారు కాబట్టి.

కీబోర్డు ఆయనకు నచ్చింది. అక్షరాలన్నీ తన మిషన్లలో ఉన్న చోటే ఉన్నాయి. కొత్త ఊళ్ళో పాత బంధువులు కనిపించినట్టు వాటిని ఒకసారి వరసగా తడిమి చూశాడు. మౌసు మాత్రం నచ్చలేదు. "దీనికి ఎన్ని వేళ్ళు?" అన్నాడు. రెండు అన్నాను. "మిగతా ఎనిమిది ఏం చేస్తాయి?" అన్నాడు. దాన్ని వైరుతో సహా బల్ల వెనక మేకుకు తగిలించాడు. అది ఉరి వేసినట్టు అక్కడే వేలాడుతూ ఉండేది. పిల్లలకు కావలసినప్పుడు కిందికి దించేవాళ్ళు, అయిపోగానే మళ్ళీ ఉరే.

నా క్లాసువాడొకడు ఒక సీడీ ఇచ్చాడు. అందులో ఒక ఆట. కత్తి పట్టుకున్న వీరుడొకడు ఊళ్ళు తిరుగుతాడు. జనంతో మాట్లాడి వాళ్ళ కష్టాలు కనుక్కుంటాడు, గుహల్లో రాక్షసులను కొడతాడు, కొట్టిన కొద్దీ బలవంతుడవుతాడు. నెలలు పట్టే ఆట. మొత్తం కీబోర్డుతోనే. కుడి చేతి వైపున్న అంకెలతో ఎనిమిది దిక్కులకూ నడవాలి. తలుపు తీయడానికి ఒక అక్షరం, మందు తాగడానికి ఒక అక్షరం, మాట్లాడటానికి ఒకటి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా పిల్లలు రారు. ఆ ఎండలో మిద్దె మెట్లు ఎక్కాలంటే పరీక్ష కంటే పెద్ద కారణం కావాలి. ఆ టైములో నేను ఆడుకునేవాణ్ణి. మూడో రోజో నాలుగో రోజో కిటికీ దగ్గర పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది.

"అన్నిటికీ ఒక్క చూపుడు వేలేనా?"

"రాక్షసుణ్ణి చంపుతాండా నాయనా."

"చంపు. ఎవరొద్దన్నారు? సరైన వేలితో చంపు."

లేచి వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వీపు నిటారుగా, మణికట్లు పైకి. ఏ వేలికి ఏ పని అని చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ గుహ దాటేశాడు. మరుసటి రోజు ఒంటిగంటకు నేను చేయి కడుక్కుని వచ్చేసరికి ఆయన అప్పటికే స్టూలు మీద ఉన్నాడు.

అంతవరకు మా ఇద్దరి మధ్య మాటలంటే మార్కులు, బస్సు పాసు, నా తల వెంట్రుకల పొడవు. ఇప్పుడు, "ఎడమ తలుపు తీద్దామా? కుడిదా?" అని ఆయన నన్ను అడుగుతున్నాడు. పందొమ్మిదేళ్ళలో నన్ను ఆయన ఏ విషయమైనా అడగడం అదే మొదలు. నేను వెంటనే జవాబు చెప్పకుండా కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించేవాణ్ణి. ఆ సుఖం అలాంటిది.

ఆటలో ఆయన పద్ధతులు ఆయనవి. ఊళ్ళో ఇళ్ళలోకి దూరి కుండలు పగలగొడితే లోపల మందులు దొరుకుతాయని చెప్పాను. కీల మీద నుంచి వేళ్ళు తీసేశాడు.

"వాళ్ళింట్లో కుండలు మనం పగలగొట్టేదేంది?"

"ఆటే అట్ల నాయనా. వాళ్ళేమీ అనుకోరు."

"ఆ యమ్మ ఆణ్ణే నిలబడుకోని చూస్తాండాదప్పా."

పగలగొట్టలేదు. అందువల్ల మా వీరుడు ఎప్పుడూ మందులు చాలక కుంటుతూ తిరిగేవాడు. మర్యాదస్తుడు, రోగిష్టి. ఎవరేం అడిగారో మరిచిపోకుండా నాయన తెలుగు మిషను మీద టైపు చేసేవాడు. "బావి దగ్గర ముసలామె: కొడుకు ఉంగరం పోయినది. వెతుకుచున్నాము." కార్బన్ పెట్టి రెండు కాపీలు. పైది ఆయన ఫైలుకు, కిందిది నాకు. ఆట ఆఖరున రాక్షసరాజు చచ్చిన రోజు కూడా కాగితం వచ్చింది. "పని పూర్తి అయినది." అంతే.

మూడు నెలలకు రెండో భాగం సీడీ దొరికింది. మొదటి రోజు ఇద్దరం తయారుగా కూర్చున్నాం. నాయన వేళ్ళు కీబోర్డు మీద పెట్టి అంకెలు నొక్కాడు. వీరుడు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. రాయిలా నిలబడే ఉన్నాడు.

"చచ్చినాడా?"

"లేదు నాయనా. దీంట్లో మౌసుతో నడవాలంట. యాడికి పోవాల్నో ఆడ నొక్కితే పోతాడు."

నాయన మేకు వైపు చూశాడు. నేనూ చూశాను. నేనే లేచి ఉరి విప్పాను.

ఆయన వెనక్కి తగ్గలేదు. ముప్పై ఏళ్ళు అందరికీ నేర్పినవాడు నేర్చుకోవడానికి కూర్చున్నాడు. తనకు తెలిసిన పద్ధతిలోనే కూర్చున్నాడు. పాత గూడు అట్ట ఒకటి కోసి బల్ల మీద పరిచి, పెన్సిలూ స్కేలూ పెట్టి గళ్ళు గీశాడు. ఒక గడిలో "మందు", ఒకదాంట్లో "సంచి", ఇంకోదాంట్లో "కత్తి", "పటము". తెర మీద ఆ బొమ్మలు ఎక్కడున్నాయో చూసుకుని, మౌసును అట్ట మీద ఏ గడిలోకి జరిపితే బాణం గుర్తు వాటి మీదికి పోతుందో కొలిచి గీసినవి. ఇక కళ్ళు మూసుకుని సాధన. మందు, సంచి, కత్తి. కత్తి, సంచి, మందు. మౌసుకు కూడా టైపులో లాగే మొదటి పాఠం ఉంటుందని, ఒకసారి చేతికి వస్తే జీవితాంతం పోదని ఆయన నమ్మకం.

ఇక్కడ చెప్పుకోవలసింది ఏమిటంటే, ఆ పద్ధతి రెండు రోజులు పనిచేసింది.

మూడో రోజు అమ్మ బల్ల తుడిచింది. మా ఊరి గాలికి ఎర్ర దుమ్ము గంటకోసారి తుడిచినా మళ్ళీ వస్తుంది, అమ్మ తప్పేమీ లేదు. తుడవడానికి మౌసు ఎత్తి, మళ్ళీ పెట్టింది. మిషనును ఎన్నిసార్లు ఎత్తి దించినా ప్రతి అక్షరం తన చోటే ఉంటుంది. మౌసు అలా కాదు. ఎత్తి పెడితే బాణం గుర్తు దానితో పాటు రాదు, గళ్ళన్నీ అబద్ధమైపోతాయి. ఈ సంగతి నాకు తెలుసు. రెండు రోజులుగా చెప్పాలనుకుంటూనే, ఆయన అంత నిటారుగా కూర్చుంటే చెప్పలేకపోయాను.

ఆ రోజు పరీక్ష దగ్గరపడిందని ముగ్గురు పిల్లలు మధ్యాహ్నమే వచ్చి టైపు చేసుకుంటున్నారు. తెర మీద ఒక ఎలుగుబంటి మా వీరుణ్ణి చీరేస్తోంది. నాయన కళ్ళెత్తకుండా, నమ్మకంగా, మౌసును "మందు" గడిలోకి జరిపి నొక్కాడు. వీరుడు మందు తాగలేదు. తన కత్తి తీసి ఎలుగుబంటి ముందు కింద పెట్టాడు.

నా నోరు ఊరుకోదు. అది దాని జబ్బు.

"ఎలుగ్గొడ్డుకు కత్తి బహుమానం ఇస్తాండావా నాయనా? ఉండు, శాలువా కూడా తెస్తా."

మూడు మిషన్లూ ఒక్కసారి ఆగాయి. ఆ తరువాత నవ్వులు. ముగ్గురూ తలలు గూళ్ళలో దూర్చి నవ్వారు. నేనూ నవ్వాను, నా జోకు కదా. నాయన మాత్రం మౌసును మెల్లగా అట్ట మధ్యలో పెట్టి లేచాడు.

"నువ్వు ఆడుకో లేప్పా," అన్నాడు. కిటికీ దగ్గరికి పోయి పేపరు తీసుకున్నాడు.

రెండు రోజుల తరువాత మెట్ల మీద ఒకడు ఇంకొకణ్ణి, "శాలువా సారు పైన ఉండాడా?" అని అడగడం విన్నాను. ఆ గదిలో ఆయనను చూసి ఎవరూ నవ్వి ఎరగరు. నేను మొదలుపెట్టించాను.

తరువాత ఒంటిగంటకు స్టూలు ఖాళీగా ఉండేది. ఒక్కణ్ణే ఆడాను. ఏ తలుపు తీయాలో నాకు నేనే చెప్పుకోవడంలో ఏ సుఖమూ లేదు. కార్బన్ కాపీలు ఆగిపోయాయి. మొదటి భాగం మళ్ళీ పెట్టి, "నాయనా, రా, దీన్ని ఇంకోసారి ఆడుదాం" అన్నాను. "అయిపోయిన పని మళ్ళా చేసేదేముండాది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపమైతే నాకు తేలికయ్యేది, కోపాన్ని నవ్వించడం వచ్చు. క్షమాపణ చెప్పడం రాదు. ఎన్నిసార్లు నోరు తెరిచినా ఇంకో జోకు వచ్చేట్టు అనిపించి మూసుకున్నాను.

అమ్మ ఒకసారి అడిగింది. "ఏంరా, మీ నాయన ఆటకు రాలేదా?"

"నేను నోరు జారినాలేమ్మా."

"జారిందంటావేందిరా? నీది ఎప్పుడన్నా నిలబడుకోనిందా?"

ఒక రోజు ఊరికే ఆటలో ఉన్న పట్టికలన్నీ తెరిచి చూస్తుంటే ఒకచోట కీల వరస కనిపించింది. నడవడానికి, కొట్టడానికి మౌసే కావాలి. కానీ మందులకు ఒకటి నుంచి నాలుగు అంకెలు. మంత్రాలకు, పటానికి, సంచికి అక్షరాలు. సగం ఆట కీబోర్డులోనే ఉంది. మేమిద్దరం మౌసును చూసి బెదిరి ఆ వైపు చూడనేలేదు.

ఆ సంగతి పోయి చెప్పి ఉండవచ్చు. "నువ్వు ఆడుకో లేప్పా" అనేవాడు. అందుకని చెప్పలేదు. కుడి చేతిలో మౌసు పట్టుకుని, ఎడమ చేతి చూపుడు వేలితో మందులు నొక్కడం మొదలుపెట్టాను. గట్టిగా, టక్కు టక్కుమని. ఒకటికీ అదే వేలు, నాలుక్కీ అదే వేలు.

మొదటి రోజు పేపరు కదల్లేదు. రెండో రోజు పేజీ తిప్పిన చప్పుడు కొంచెం ఎక్కువైంది. మూడో రోజు నేను మరీ బరితెగించి బొటనవేలు వాడాను.

"రెండుకు ఉంగరం వేలు," అంది పేపరు.

నేను వినిపించుకోలేదు. మళ్ళీ బొటనవేలే.

"ఉంగరం వేలంటాండా గదా. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"రెండు చేతులూ ఒకేసారి కుదరడంలేదు నాయనా. నడిపిస్తే మందు తాపలేను, తాపితే నడిపించలేను. సచ్చిపోతాండాడు."

అది అబద్ధం. ఆ అబద్ధం ఆ చెవికి వినిపించలేదంటే నేను నమ్మను. పేపరు మడిచాడు. నాలుగు మడతలు, అంచులు కలిపి. వచ్చి స్టూలు లాక్కున్నాడు. కీబోర్డును తన ముందుకు జరుపుకుని, ఎడమ చేతి నాలుగు వేళ్ళూ నాలుగు అంకెల మీద పెట్టాడు. చిటికెన వేలు నుంచి వరసగా.

"నువ్వు నడిపిచ్చు," అన్నాడు. "మందులు నేను చూసుకుంటా."

అలా ఒక మనిషిని ఇద్దరం పంచుకున్నాం. కాళ్ళూ కత్తీ నావి, మందులూ మంత్రాలూ సంచీ ఆయనవి. ఆయన తెర వైపు కూడా పెద్దగా చూసేవాడు కాదు. వీరుడు మూలిగే చప్పుడులో తేడా వినేవాడు. వాడు చావబోతున్నాడని నాకు తెలిసేలోపే ఆయన చిటికెన వేలు కదిలేది. అదే ఎలుగుబంటిని ఆ వారం చంపాం. చచ్చి పడినప్పుడు నా నోటి దాకా ఒక మాట వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. నాయన నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు తేప్పా," అన్నాడు.

"ఏంది నాయనా?"

"శాలువా."

నాకు నవ్వు రాలేదు. ఆయనకు వచ్చింది. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. వెనక టైపు చేస్తున్న పిల్లవాడు ఆగి చూస్తే, "నీ ఉంగరం వేలు చూసుకో" అన్నాడు.

అమ్మ టీ గ్లాసులు తెచ్చి మా వెనక కాసేపు నిలబడింది. "గొర్రుతో ఇత్తనమేసినట్ల ఉండాది మీ యవ్వారం. ఒకరు ఎద్దులు తోలేది, ఇంకొకరు గింజలు పోసేది," అంది. ఆ ఏడాది మా వైపు విత్తినవాళ్ళు తక్కువ. మేము మాత్రం రోజూ రెండు గంటలు దున్నాం.

మర్నాడు బల్ల మీద కాగితం ఉంది. కింది కాపీ, కార్బన్ నీలం. "రెండవ భాగము. నడక: అబ్బాయి. మందులు: నేను. ఎలుగుబంటి: పని పూర్తి అయినది."

గళ్ళ అట్టను ఆయన పారేయలేదు. నేనూ తీయలేదు. బల్ల గరుకుగా ఉండేది, అట్ట నున్నగా ఉండేది, మౌసును దాని మీదే తిప్పేవాణ్ణి. తిప్పి తిప్పి "మందు" గడి పూర్తిగా చెరిగిపోయింది. "కత్తి"లో ఒక్క వత్తు మిగిలింది.