దాపట దిక్కు

మా బాపు ఎడ్లను అమ్మేసి చాలా ఏళ్లయింది గానీ, ఎడ్ల మాటలు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన నోట కుడి, ఎడమ అనే మాటలు రావు. ఎలపట, దాపట, అంతే. నాగలికి ఎడమ పక్కన కట్టే ఎద్దు ఎలపటిది, కుడి పక్కన కట్టేది దాపటిది. నేను స్కూటీ నేర్చుకునే రోజుల్లో వెనక కూర్చుని, ఇబ్రహీంపట్నం చౌరస్తాలో "దాపటకు తిప్పు, దాపటకు!" అని అరిచేవాడు. పక్కన బస్సు కోసం నిలబడ్డ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు మమ్మల్నే చూసి నవ్వేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. అయినా సరిగ్గానే తిప్పేదాన్ని, ఎందుకంటే నాకూ ఆ మాటే ముందు అర్థమయ్యేది. ఇప్పటికీ ఎవరైనా కుడి అంటే, మనసులో ఒకసారి ఎడ్ల వెనక నిలబడి చూసుకుంటాను.

ఇలాంటి నాకు కుడి ఎడమలే ప్రాణమైన ఉద్యోగం దొరికింది. సాగర్ రోడ్డు మీద ఒక మందుల దుకాణం పైన మా ఆఫీసు. నేను చేసే పనేమిటో మా చుట్టాలకు ఇంతవరకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇంకోసారి ప్రయత్నిస్తాను.

స్కాన్‌లో కనిపించిన ఎముకనో కిడ్నీనో కొందరు కంప్యూటర్‌లో బొమ్మగా చేస్తారు. అన్ని వైపులా తిప్పి చూడగలిగే త్రీడీ బొమ్మ. ఎక్కడ కోయాలో డాక్టర్ దాని మీద గీత గీసుకుంటాడు. తీరా చూస్తే ఆపరేషన్ థియేటర్‌లోని తెరకు ఆ బొమ్మ ఫైలు చదవడం రాదు. దానికి స్కాన్ల భాష ఒక్కటే వచ్చు. ఆ భాష పేరు డైకామ్. అందుకని ఆ బొమ్మను మేము పలచటి పొరలుగా కోసి, ఒక్కో పొరనూ ఒక్కో చిత్రంగా మార్చి, వరుసలో పేర్చి ఇస్తాం. కీరదోసకాయను చక్రాలుగా తరిగి, మళ్లీ కాయలా దగ్గరికి చేర్చి పెట్టడం లాంటిది.

చిక్కు ఏమిటంటే, ఆ బొమ్మ ఫైలుకు ఏమీ తెలియదు. అది ఎవరిదో తెలియదు. దాని కొలతలు మిల్లీమీటర్లో అంగుళాలో తెలియదు. తల ఎటో, కాళ్లు ఎటో తెలియదు. స్కాన్ ఫైలుకు ఇవన్నీ కావాలి కాబట్టి లేనివన్నీ మేమే నింపాలి. ఒక అంకె ముందు ఉండాల్సిన మైనస్ గుర్తు ఎగిరిపోతే చాలు, కుడిది ఎడమదైపోతుంది. అలా తిరగబడిన బొమ్మలో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. మంచిదాని లాగే నునుపుగా, అందంగా ఉంటుంది. నాకు భయం అక్కడే. ఫైలు పంపాక బస్టాండు దాకా వెళ్లి, మళ్లీ మెట్లెక్కి వచ్చి చూసుకున్న రోజులున్నాయి. హయత్‌నగర్ నుంచి వచ్చే మా సీనియర్, గోదావరి వైపు మనిషి, ఆటపట్టించేవాడు. "గ్యాస్ కట్టేశానా లేదా అని ఊరెళ్తూ ఊరెళ్తూ వెనక్కి తిరిగొస్తారే, ఆ బాపతమ్మా నువ్వు."

కిందటేడు బాపుకు మూత్రంలో రక్తం పడింది. డొక్కలో నొప్పి ఉన్నా ఆయన ఎవరికీ చెప్పలేదు. బాత్‌రూమ్‌లో నేను చూశాను. మా ఆఫీసు ఫైళ్లు చేసిచ్చే పెద్ద దవాఖాన ఒకటి ఉంది గనక, అక్కడి సర్జన్ నాకు ఫోన్‌లో పరిచయం గనక, బాపును అక్కడికే తీసుకెళ్లాను. కుడి కిడ్నీలో గడ్డ. చిన్నదే, కానీ వదిలేసేది కాదు. షుగర్ ఉన్న మనిషికి రెండు కిడ్నీలూ కావాలి కాబట్టి, కిడ్నీని ఉంచి గడ్డ ఒక్కదాన్నే తీస్తానన్నాడు సర్జన్.

"గంతేనా? తియ్యమను," అన్నాడు బాపు. "నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డ."

వారం తర్వాత ఆఫీసులో ఒక ఫైలు వచ్చింది. ఎక్కడో వేరే ఊళ్లో ఎవరో చేసిన కిడ్నీ బొమ్మ. దాని మీద సర్జన్ గీసిన ఊదారంగు గీత. థియేటర్ తెర కోసం డైకామ్‌గా మార్చి ఇవ్వాలి. దానితో వచ్చిన చీటీలో వయసు, ఊరు చూశాక అది బాపుదేనని తెలిసింది.

సీనియర్ నా వెనకే నిలబడి చూశాడు. "ఇది నేను చేస్తాను, లే అమ్మా. సొంతవాళ్లది మనం చేయకూడదు."

"మీరు చేసినా నేను మల్ల మొత్తం చూస్త సార్. గదేదో నేనే చేస్త," అన్నాను.

మొండితనం అనుకున్నాడేమో. నిజానికి అది భయమే. చేసినా భయమే, చేయకపోయినా భయమే. చేస్తే కనీసం చేతులకు పని ఉంటుంది. పేరు రాసే గడిలో ఎన్నో వందల పేర్లు కొట్టాను గానీ, బాపు పేరు కొట్టడానికి మాత్రం వేళ్లు ఆడలేదు. అక్షరాలు తప్పు పడ్డాయి. చెరిపి మళ్లీ కొట్టాను.

మార్చే ముందు నాకు తోచిన జాగ్రత్త ఒకటి చేశాను. కిడ్నీకి బయటి వైపున, కోతకు ఎక్కడా అడ్డం రాని చోట, "కు" అనే అక్షరాన్ని చిన్న బొమ్మగా చేసి నిలబెట్టాను. కుడికి కు. నా పనిలో ఎక్కడైనా బొమ్మ తిరగబడితే అక్షరమూ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తిరగబడ్డ తెలుగు అక్షరాన్ని నేను నిద్రలో కూడా పోల్చగలను. సర్జన్‌కు ఫోన్ చేసి చెబితే నవ్వి, ఉండనివ్వమన్నాడు. పొరలన్నీ పేర్చి తెరిచి చూశాను. "కు" తిన్నగా ఉంది. పంపేశాను. మెట్లు దిగాను. మళ్లీ ఎక్కాను.

ఆపరేషన్ రోజు ఉదయం బాపుకు మత్తుగా ఉండే మాత్ర ఏదో ఇచ్చారు. ఆకుపచ్చ గౌను వెనక ముడి ఊడిపోతే కడదామని వంగాను. ఆయన నడుము పక్కన నీలం రంగు బాణం గుర్తు ఉంది. కోయాల్సిన వైపు పెన్నుతో గుర్తు పెడతారని నాకు తెలుసు.

బాణం ఎడమ వైపు ఉంది.

డాక్టర్ పొరబడ్డాడేమో అన్న ఆలోచన నాకు రానే లేదు. నా ఫైలు తిరగబడిందనే అనుకున్నాను. నేను పంపిన బొమ్మ చూసే ఈ గుర్తు పెట్టారు, ఇంకాసేపట్లో బాపును నా చేతులతోనే కోయిస్తున్నాను అనుకున్నాను. మంచి కిడ్నీ కోతకు గురవుతుంది, గడ్డ ఉన్నచోటే ఉంటుంది. గౌను ముడి నా వేళ్లలోనే ఉండిపోయింది.

"ఏమైందే?" అన్నాడు బాపు మత్తుగా.

"ఏం గాలే బాపు. ఇప్పుడే వస్త."

బయటికి రాగానే, ఆ గుర్తు పెట్టిన డ్యూటీ డాక్టరే ఎదురొచ్చాడు. కుర్రవాడు. నేను నోరు తెరిచేలోపే, "మీ కోసమే వస్తున్నానండి," అన్నాడు. "కాగితాల్లో కుడి అని ఉంది. మీరు పంపిన ఫైల్లోనూ కుడే. పేషెంటేమో ఎడమ అన్నారు, ఆయన మాట మీద గుర్తు పెట్టాకే కాగితాలు చూశాను. పేషెంటు వేరే చెప్తే అంతా ఆపేసి మళ్లీ చూడాలండి. సార్‌కి చెప్పాను."

ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. బాపుకు నొప్పి ఎక్కడుందో బాపుకు తెలియదా? మరి ఆయన ఎడమ అంటే, మిగతావన్నీ తప్పా?

సర్జన్ వచ్చి తెర ముందు నిలబడ్డాడు. తెర మీద బాపు కిడ్నీ బూడిదరంగులో మెల్లగా తిరుగుతోంది.

"చూడమ్మా, సూటిగా అడుగుతా. ఈ ఫైలు తిరగబడే ఛాన్స్ ఉందా?"

ఉంది. ఏళ్లుగా నేను భయపడుతున్నది అందుకే కదా. "ఉంది సార్" అన్నాను. తెర మీద "కు" కోసం వెతికాను. ఉంది. తిన్నగానే ఉంది.

"నా దగ్గర తిరగబడలే సార్. అక్షరం సక్కగనే ఉంది. కానీ నాకు వచ్చేటప్పటికే తిరగబడి ఉంటే, నా అక్షరం దాన్ని పట్టుకోదు."

అది నేను ఆ క్షణం దాకా ఆలోచించని సంగతి. తప్పు బొమ్మ పక్కన పెట్టినా నా అక్షరం తిన్నగానే నిలబడేది. ఇన్ని రోజులూ దాని అండ చూసుకుని ధైర్యంగా ఉన్నాను.

"అసలు స్కాన్ తెరవండి," అన్నాడు సర్జన్. దాన్ని తెరిచే అతను ఇంకో అంతస్తులో ఉన్నాడు. ఫోన్ చేశారు. వస్తున్నానన్నాడు. ఎంతకీ రాడు. ఊరికే నిలబడలేక డ్యూటీ డాక్టర్‌ను అడిగాను.

"మా బాపు ఏమన్నాడు? అచ్చంగ గదే మాట చెప్పుండ్రి."

"ఏ వైపండీ అని అడిగాను. దాపట అన్నారండి."

"దాపటనా?"

"అవునండి. దాపట అంటే ఎడమే కదండీ? మా తాతగారి ఊళ్లో దాపటెద్దు అంటే ఎడం పక్క ఎద్దేనండి." అతని ముఖంలో చిన్న గర్వం కూడా ఉంది. ఈ తరం డాక్టర్లలో ఆ మాట తెలిసినవాడు ఎవరుంటారు పాపం.

"మా దిక్కు కుడి," అన్నాను.

అతను తెల్లబోయాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. మా ఇద్దరి తాతలూ ఎడ్లను కట్టినవాళ్లే. ఆ మాట ఎవరికీ తెలియని దవాఖానలో పడి ఉంటే, ఎవరో ఒకరు బాపును చెయ్యి పెట్టి చూపించమనేవారు. తెలిసిన డాక్టర్ దొరకబట్టే ఇంత పనయింది.

సర్జన్ మాత్రం నవ్వలేదు. స్కాన్ తెరిచేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. చివరికి తెరిచారు. కాలేయం ఎటు ఉందో గడ్డా అటే ఉంది. కుడి. అప్పుడు ఆయన లోపలికి వెళ్లి బాపు చెవి దగ్గర వంగాడు. "పెద్దాయనా, మాటలొద్దు. చెయ్యి పెట్టి చూపించు."

బాపు కళ్లు తెరవకుండానే కుడి డొక్క మీద చెయ్యి పెట్టాడు. "ఎన్ని మాట్ల జెప్పాలె," అని గొణిగాడు.

డ్యూటీ డాక్టర్ దూదితో ఎడమ బాణాన్ని రుద్ది రుద్ది తుడిచాడు. కుడి వైపు కొత్తది గీశాడు. పాతది పూర్తిగా పోలేదు. చర్మం మీద పలచటి నీలం మిగిలింది. ఇంకోసారి తుడవమని అడిగాను. తుడిచాడు. అయినా నా కంటికి కనిపిస్తూనే ఉంది. స్ట్రెచర్ తలుపు దాటాక కూడా, లోపల ఎవరైనా ఆ పాత మరకనే చూస్తారేమో అని బెంచీ మీద కూర్చోలేకపోయాను. లేచి తిరిగాను. సీనియర్ ఫోన్ చేశాడు. "స్కాన్ చూశారు కదమ్మా, ఇంకేం భయం?" అన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకునే ఇంకో చుట్టు తిరిగాను.

మధ్యాహ్నం దాటాక సర్జన్ వచ్చి బాగా జరిగిందన్నాడు. గడ్డ మొత్తం వచ్చింది, కిడ్నీ ఉంది అన్నాడు. రెండు చేతులూ ఎత్తి మొక్కాను. ఏ వైపు అని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

లోపలికి పంపించాక, మంచం కాళ్ల వైపు నిలబడి చూశాను. దుప్పటి కాస్త పక్కకు జరిగి ఉంది. తెల్లటి కట్టు నా ఎడమ చేతి వైపు ఉంది.

ఎడమ.

మంచం కమ్మీ పట్టుకున్నాను. ఎదురుగా నిలబడి చూస్తే మనిషి కుడి మనకు ఎడమ అవుతుందని, స్కాన్లు చూసేది అలాగేనని, కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ పాఠంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. కమ్మీ పట్టుకుని మంచం చుట్టూ నడిచాను. బాపు తల వెనక్కి వెళ్లి, ఆయన చూసే వైపే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కట్టు కుడికి వచ్చింది.

బాపు కళ్లు తెరిచి, తల కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తి నన్ను చూశాడు.

"ఎనక నిలవడ్డవేందే? నాగలి వట్టినవా?"

"అవ్ బాపు. ఏ దిక్కు నొస్తుంది?"

"దాపట."

నాకు అది చాలలేదు.

"చెయ్యి వెట్టి చూపియ్యి," అన్నాను.