కందెన పోసిన మోటరు

పోలీసు యాక్షన్ జరిగింది భాద్రపదంలో. నేను చెప్పేది అదే ఏడాది చైత్రంలో, ఉగాది పోయాక వచ్చిన రెండో మంగళవారం సంగతి. మా వాళ్ళలో కొందరు ఇది యూనియన్ సైన్యం వచ్చాక జరిగిందంటారు. కాదు. సైన్యం వచ్చాక మోటర్లకు నూనె దొరికింది. నూనె దొరికి ఉంటే ఆ రోజు అలా గడిచేది కాదు.

మాది మోత్కూరు పక్క ఊరు. మా బాపు దొర గడీలో మోటరు డ్రైవరు. దొర కొడుకు పట్నంలో ముచ్చటపడి కొన్న కారొకటి ఉండేది. రెండే సీట్లు, కప్పు లేదు, పొడుగు ముక్కు, కూర్చుంటే చెయ్యి నేలకు అందేది. పందేలలో ఉరికే కారు. ఊళ్ళో దొరల మీద తిరగబడ్డ సంఘం బలపడ్డాక దొర కుటుంబమంతా పెద్ద కారులో హైదరాబాదు పోయింది. చిన్న కారును బాపుకు అప్పజెప్పి, "దీని మీద గీత పడ్డా నీ తోలు తీస్త" అని చెప్పిపోయాడు ఆ కొడుకు. బాపు దాన్ని మా కొట్టంలోకి తోసి గడ్డి కప్పాడు.

ఆ మంగళవారానికి నాలుగేళ్ళ మా చెల్లెకు జ్వరం వచ్చి మూడు రోజులు. మెడ వాచింది, మింగుడు పడటం లేదు, ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. మోత్కూరు నుంచి పొద్దున్నే వచ్చిన కాంపౌండరు చెంచాతో నాలుక నొక్కి, లోపలి తెల్లటి పొర చూసి, చెంచా కింద పెట్టాడు.

"కంఠసర్పి. గొంతు మూసుకపోతాంది. సూది భువనగిరి దవాఖానల ఉన్నది. ఇయ్యాల్నే పడాలె."

"ఎడ్లబండి కడ్తే?" అన్నాడు బాపు.

"బండి చేరుతది" అన్నాడు ఆయన, పిల్ల చేరుతుందని అనలేదు.

బాపు కొట్టంలోకి పోయి గడ్డి లాగేశాడు. దాచి ఉంచిన పెట్రోలు పోశాడు. మా తాత, అంటే బాపు వాళ్ళ నాయిన, కర్ర పట్టుకుని వెంట తిరుగుతున్నాడు. జీవితమంతా ఎడ్లబండి తోలిన మనిషి. "ఫికర్ చెయ్యకు కొడుకా, అంత సూస్కున్న. కందెన గూడ ఏసిన" అన్నాడు. కందెన అంటే కాల్చిన గడ్డిమసి ఆముదంలో కలిపి బండి ఇరుసుకు పెట్టేది. తాత చక్రాలకు పూసి ఉంటాడని బాపు అనుకున్నాడు. అడగడానికి తీరిక లేదు.

బ్యాటరీ చచ్చిపోయింది. బాపు కారు ముక్కులో హ్యాండిల్ పెట్టి తిప్పాడు. రెండుసార్లు పలకలేదు. మూడోసారి ఇంజను అంటుకుంటూ హ్యాండిల్‌ను వెనక్కి విసిరికొట్టింది. బాపు ఎడమ మణికట్టు విరిగింది. ఎముక చప్పుడు నేను విన్నాను. ఆయన మాత్రం ఇంజను ఆగలేదని సంతోషించాడు.

ఆ కారులో గేరు మార్చేది ఎడమ చేతితో. అమ్మ నిండు చూలాలు, లేవలేదు. నాకు పధ్నాలుగు నిండాయి.

"ఎక్కు బిడ్డా" అన్నాడు బాపు. "చెల్లెను పట్టుకో. నేనన్నప్పుడు ఈ కట్టె జరుపు. క్లచ్ నేను తొక్కుత."

చెల్లెను ఎడమ భుజానికి ఆనించుకున్నాను. దాని నోరు నా చెవి దగ్గర. కుడి చెయ్యి గేరు కట్టె మీద. ఊరు దాటుతుండగా బాపు "ఎన్కకు గుంజు" అన్నాడు. లాగాను. కారు కడుపులో ఎవరో రాళ్ళు నమిలినట్టు కరకరమంది. కట్టె నా చెయ్యి భుజం దాకా అదిరేట్టు తన్నింది.

"బలంతోని కాదే! ఆగు. ఒకపాలి తొక్కుత, నడిమికి తే. ఇడుస్త, ఇంజనుకు రేస్ ఇస్త. మళ్ల తొక్కుత, అప్పుడు ఎయ్యి. లోపలి చక్రాల పండ్లు పండ్లు కలిసే యాళ్ల నీ చేతికే తెలుస్తది."

తెలియలేదు. నేను ఎప్పుడూ తేలిగ్గా నేర్చుకునే మనిషిని కాదు. మళ్ళీ కరకర. ఆ చప్పుడు లేచినప్పుడల్లా చెల్లె ఊపిరి వినబడేది కాదు. గేరు పడే వరకూ పిల్ల ఉందో లేదో నాకు తెలియదు. చప్పుడు ఆగాక చెవిలో ఈల వినబడితే నేనూ ఊపిరి తీసుకునేదాన్ని. గేరు రెండులో పడింది.

కాస్త దూరం పోయాక ఆముదం కాలిన వాసన వచ్చింది. బాపు వంగి చూశాడు. కట్టె మొదట్లో నల్లటి ముద్ద పైకి తన్నుకొస్తోంది, అందులో కాలని గడ్డిపోచ.

"గేరు డబ్బల ఏసిండు" అన్నాడు. కాసేపటికి అరిచాడు: "కందెన తీస్కపోయి గేరు డబ్బల పోసిండు ముసలోడు! మసి బిడ్డా, అది మసి! ఇసుక లెక్క పండ్లను తింటది. ఇంటికి పోయినంక ఆయన సంగతి జెప్త."

ఇంక గేరు మార్చవద్దన్నాడు. రెండో గేరులోనే పోదాం, ఆగితే మళ్ళీ పడదు, అని. ఆగకుండా పోయాం. నేను కట్టె వదల్లేదు, అది జారి ఊడివస్తుందేమోనని.

ఆగాల్సి వచ్చింది. రజాకార్ల లారీలు రాకుండా సంఘం వాళ్ళు రోడ్డుకు అడ్డంగా గండి కొట్టారు. బాపు అంచున ఆపి, ఇంజను ఆపకుండా క్లచ్ తొక్కిపట్టి కూర్చున్నాడు. రేగుపొదల వెనక నుంచి పది పన్నెండు మంది కర్రలతో, వడిసెలలతో లేచి వచ్చారు.

"దొర కొడుకు మోటరు గదా ఇది! ఏం డ్రైవరన్నా, దొరకు సద్ది తీస్కపోతున్నవా?" అన్నాడొకడు. ఇంకొకడు పెద్ద బండరాయి ఎత్తి కారు ముక్కు మీద పట్టుకున్నాడు.

నేను చెల్లె మెడ మీది గుడ్డ తీసి చూపించాను. గొంగడి వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చి, దాని పక్కటెముకల కింద చర్మం గుంట పడి లేస్తుంటే చూశాడు.

"రాయి కింద పారెయ్యి" అన్నాడు. "ఎత్తుండ్రి."

"వెట్టి పోయిందంటిరి గద మామా! మళ్ల దొర కారే మొయ్యబడ్తిమా?"

"దొర కూసున్నడా అండ్ల? కండ్లు లెవ్వా? మొయ్యి."

మేము దిగాం. ఇంజను ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో అని బాపు పెదవి కొరుక్కున్నాడు, అయినా ఆపాడు. వాళ్ళు చక్రాలు పట్టుకుని, తిట్టుకుంటూ, కారును గండిలోకి దించి అవతలికి ఎత్తారు. ఇంజను ఆగి ఉంటే గేరు చప్పుడు లేకుండా పడుతుంది. అలా రెండులోనే వేసి తోయించాడు బాపు. కారు అందుకుంది. తోసినవాళ్ళు దుమ్ములో ఉండిపోయారు. వాళ్ళకు దండం పెట్టడానికి కూడా నా చేతులు ఖాళీ లేవు.

భువనగిరి గుట్ట కనబడుతుండగా చెల్లె ఈల పలచబడింది. తల నా భుజం మీద అటూ ఇటూ వాలుతోంది. సరిగ్గా అక్కడే ఎత్తు. కారు మూలిగింది, వేగం తగ్గిపోతోంది.

"ఒకటిల పడాలె" అన్నాడు బాపు. "పడకపోతే ఈడనే ఆగుతం."

తొక్కాడు. నడిమికి తెచ్చాను. ఇంజనుకు రేస్ ఇచ్చాడు. తొక్కాడు. వేశాను. కరకర. పడలేదు. మళ్ళీ. పడలేదు. కారు దాదాపు నిలబడిపోయింది. బాపు విరిగిన చేతిని నా చేతి మీద పెట్టి, నా చేతితో కలిపి నెట్టాడు. ఆయన అరిచిన అరుపు, లోపల పళ్ళు విరిగిన చప్పుడు కలిసి వచ్చాయి. గేరు పడింది. చప్పుడు మాత్రం ఆగలేదు. విరిగిన పళ్ళతోనే లోపలి గేరు చక్రం తిరుగుతోంది, దవాఖాన వాకిలి దాకా అలాగే మోగుతూనే ఉంది. అంతసేపూ నాకు చెల్లె ఊపిరి వినబడలేదు.

వాకిట్లో కారు తనంతట తానే ఆగింది. నిశ్శబ్దమైంది. నేను చెవి పెట్టాను. ఏమీ లేదు. నర్సు వచ్చి పిల్లను లాక్కుపోయింది. సూది పడింది. గొంతులోకి ఏదో గొట్టం కూడా వేశారట, నేను చూడలేదు. పొద్దు వాలాక లోపల నుంచి దగ్గు వినబడింది. బాపు అప్పుడు తన చెయ్యి డాక్టరుకు చూపించాడు.

కారు ఆ వాకిట్లోనే ఉండిపోయింది. చెల్లెను ఇంటికి పంపిన రోజు ఒక రైతు బండిలో తిరిగి వచ్చాం. దారి పొడుగునా బాపు ఆలోచిస్తూనే వచ్చాడు. కారు గురించి దొర కొడుకుకు ఏం చెప్పాలా అనో, తాతను ఏమనాలా అనో.

తాత వాకిట్లో కూర్చుని ఉన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. నా చంకలోని చెల్లెను చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"మోటరు నడిచిందా కొడుకా?"

"నడిచింది నాయినా."

"కందెన?"

బాపు కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు.

"మంచిగ పనిజేసింది."

"నేను చెప్పలే?" అన్నాడు తాత అమ్మతో.

బాపు అరుగు మీద కూలబడ్డాడు. చెల్లె ఏదో అడిగింది. గొంతు బొంగురుపోయి మాట సగమే వచ్చింది. అమ్మకు అర్థం కాక నా వైపు చూసింది.

"నీళ్ళంటాంది" అన్నాను.