ముందు పనికి పెట్టమన్న మామ

మా ముకద్దం మామ మంగళవారం పొద్దున పోయాడు. దుకాణం షట్టర్ ఎత్తుతుంటే బల్లార్‌పూర్ నుంచి ఆయన కోడలి ఫోన్. "అన్నా, మామ పోయిండు" అని ఒక్క మాటే. షట్టర్ సగంలో వదిలేసి బస్సెక్కాను.

ఇప్పుడంటే చంద్రపూర్‌లో పల్లీలు, పుట్నాలు అమ్ముకుంటున్నాను కానీ, అంతకుముందు గూడ్స్ షెడ్డులో హమాలీని. మామ మా ముఠాకి పెద్ద, ముకద్దం; షెడ్డులో అందరికీ మామే. చేరిన రోజు నా బరువు నలభై ఆరు కిలోలు, సిమెంటు సంచి యాభై. "ఏం రా అల్లుడా, సంచిని నువ్వు మోస్తున్నవా, నిన్ను సంచి మోస్తుందా?" అని ఆయనంటే షెడ్డంతా నవ్వింది. నెల తిరిగేసరికి ఆ నవ్వులు పోయాయి. నావల్ల వ్యాగన్ ఖాళీ అవడం ఆలస్యమవుతోంది, తీసెయ్యమని ముఠా పట్టుబట్టింది. మా ఇంటికి నా కూలి తప్ప వేరే దిక్కు లేదు.

"దసరా దాకా ఆగుండ్రి. అప్పటికీ ఎత్తకపోతే నేనే పంపిస్త" అన్నాడు మామ.

భయంతో నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. పొద్దంతా మోసి, సాయంత్రం కసరత్తుకని తాలీంకి పోయి వంద దండీలు తీసేవాణ్ణి. తిండేమో చాయ్, ఖర్రా. వక్క, పొగాకు కలిపి నలిపిన ఆ ఖర్రా దవడన పెడితే మా హమాలీలకు ఆకలే తెలిసేది కాదు. ఇంకో రెండు కిలోలు తగ్గాను.

మామకు తెలిసి మండిపడ్డాడు. "పిచ్చోడా, మోసుడే నిన్ను తింటుంది, మళ్ల దండీలెందుకు? తిన్నది ముందు పనికి పెట్టు. మిగిల్తెనే నీ ఒంటికి." తాలీం వారానికి రెండు రోజులే అన్నాడు. జేబులోంచి ఖర్రా లాక్కున్నాడు.

"ఆకలైతలేదు మామా."

"అయితది. ముందు ఉమ్మేసి రా."

పొద్దున జొన్నరొట్టెలు, పప్పు. వ్యాగన్‌కీ వ్యాగన్‌కీ మధ్య పల్లీలు, బెల్లం. మధ్యాహ్నం గుడ్లు. నమిలి మింగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. ఆదివారం సంచుల కాంటా మీద నిలబెట్టి, ముల్లు కాస్త జరిగితే తనే పెరిగినట్టు మీసం దువ్వేవాడు. దసరాకి ఏడు కిలోలు పెరిగాను. ముఠాలో నా చోటు నిలిచింది.

మా అందరి ఖర్రా మాన్పించినవాడు తనది మాత్రం మానలేదు. "నాది అయిపోయిన కథ తియ్, మీరు పోరగాండ్లు" అనేవాడు. నోట్లో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. దవడ తెరుచుకోవడం మానేసింది. ఈ ఏడాదంతా వారం వారం పల్లీలు మెత్తగా రుబ్బి, పాలల్లో కలిపి పట్టుకుపోయాను. చెంచాతో పోస్తే సగం పెదవుల మీంచే కారిపోయేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడేం మోస్తలేను గదరా అల్లుడా, గింత ఎందుకు పెడ్తున్నవ్?" అన్నాడు. నాకు కండ పట్టించిన మనిషికి నేను ఒక్క కిలో నిలపలేకపోయాను.

పాడె ఎత్తిన నలుగురమూ హమాలీలమే. అలవాటు కొద్దీ మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి, జోరుగా లేపాం. పాడె ఒక్కసారిగా మా తలల పైకి లేచిపోయింది. దాన్ని మెల్లగా దించి భుజాలకు ఆనించుకోవడానికి మాకు కాసేపు పట్టింది.