ముగింపు తేదీ లేని గడువు

ఎనభైల చివర్లో, రోజూ బస్సులో బెజవాడ వెళ్లొస్తూ చేసిన నా కంప్యూటర్ కోర్సు పూర్తయ్యేసరికి అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే మా నాన్నగారికి ఆడపిల్ల పైఊళ్లో ఉంటూ ఉద్యోగం చేయడం సుతరామూ ఇష్టం లేదు. అలాగని వద్దని నేరుగా అనరు. బేరాలాడే మనిషి కదా, మెలిక పెట్టారు.

"మనం కౌలుకు తీసుకున్న తోటల్లో ఏది ఎప్పుడు వదలాలో నీ కంప్యూటర్ చేత చెప్పించు. సరిగ్గా చెప్పిందా, వెళ్దువుగాని."

ఇదెంత పని అనుకున్నాను. నేను నేర్చుకున్న కంప్యూటర్ భాషలో తేదీ ఒక రకం, అంకె ఒక రకం. తేదీకి ఇన్ని రోజులని అంకె కలిపితే ఇంకో తేదీ వస్తుంది. వ్యవధికంటూ విడిగా ఒక రకం లేదు. దాని అవసరమేమిటో కూడా నాకు తోచలేదు. రెండేళ్ల కౌలుకి రెండేళ్ల రోజులు కలిపేశాను. కోర్సు చేసిన సెంటర్లో ప్రింటు తీయించి, పక్కన చిల్లులున్న ఆ పొడవాటి కాగితం మడతపెట్టుకుని బస్సెక్కాను.

నాన్నగారు చదువుతూ చదువుతూ ఆగిరిపల్లి తోట దగ్గర ఆగిపోయారు.

"మే నెలాఖరుకి వదిలెయ్యమంటోందేంటమ్మా? చెట్ల మీద కలెక్టర్ మామిడి అలాగే ఉంటే?"

"రెండేళ్లు అయిపోతాయి కదండీ."

"రెండేళ్లని ఎవరన్నారు? రెండు కాపులు. పూత ఆలస్యమైతే కోతా ఆలస్యమే. ఆఖరి కాయ దిగేదాకా తోట మన చేతిలోనే ఉంటుంది."

ఇంట్లో పొద్దస్తమానం వినే మాటే. కాపంటే ఏడాదేనని ఎప్పుడు అనేసుకున్నానో! నామీద నాకే ఒళ్లు మండింది. ఉద్యోగం చేజారిపోయినట్టే అనిపించి ఆ పూట అన్నం కూడా సహించలేదు.

సెంటర్‌కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వ్యవధిని ఒట్టి అంకెగా కాకుండా, ఎన్ని, వేటిలో అని రెండు ముక్కలుగా రాశాను. నెలలైతే ప్రోగ్రాం తేదీ లెక్కగడుతుంది. కాపులైతే లెక్కగట్టదు, కోత అయిపోయిందని ఎవరో ఒకరు చెప్పేదాకా ముగింపు గడి ఖాళీగా ఉంచుతుంది. ఖాళీ గడి కనపడితే సెంటర్లో మాకు పాఠం చెప్పిన మాస్టారికి చిరాకు. నాకు మాత్రం ఆ ప్రోగ్రాం మొత్తంలో నచ్చింది ఆ గడే.

రెండో కాగితం నాన్నగారు చివరిదాకా చదివారు. ఆగిరిపల్లి వరసలో "కోత కాలేదు" అని ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంత బాగా చేసేదానివి, ఎవరి దగ్గరో ఎందుకమ్మా? మన కొట్లోనే పెడదాం కంప్యూటర్ని."

నాకు తిక్కరేగింది.

"సరిగ్గా చేస్తే పంపిస్తానన్నారు. తప్పుగా చేసుంటే బావుండేదా అండీ?"

నాన్నగారు కాగితాన్ని మళ్లీ మడతల ప్రకారం మడిచారు. తర్వాత నావైపు చూడకుండా, వంటింట్లో ఉన్న అమ్మని కేకేసి అడిగారు.

"అక్కడ దీనికి అన్నం ఎవరు వండిపెడతారే?"

అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.