పిడి లోపలి పేరు

కెనడాలోని సస్కటూన్‌లో, సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగు పెద్దాయన ప్రపంచయుద్ధాల నాటి పిస్తోళ్లు సేకరించేవాడట. ఆ రోజే అన్నీ పోలీసులకు అప్పగించి వస్తున్నాడు. వాళ్లు కరిగించేస్తారు.

“నాకిస్తే పోయేదిగా అంకుల్, మా సూపర్‌వైజర్ అడక్కుండానే లీవు ఇచ్చేవాడు” అన్నాను.

ఆయన నవ్వలేదు. “అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు బాబూ, కొత్త రూలు. నేను పోతే మా ఆవిడకు తలనొప్పి. మ్యూజియంవాళ్లూ వద్దన్నారు.”

ఒకదాని చెక్కపిడి లోపల ఎవరో జర్మన్ సిపాయి తన పేరు గీసుకున్నాడట.

“ఆ పిడైనా ఊడదీసుకోవాల్సింది” అన్నాను.

“తీశాను. మనసొప్పక మళ్లీ బిగించేశా. వాడి వస్తువు, వాడి పేరుతోనే పోనీ.”

పేరేమిటన్నాను. పలకడం తనకూ రాదంటూ, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాశాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినవాణ్ణి, కూడబలుక్కుని చదివేలోపే అక్షరాలు నీరై కారిపోయాయి. ఆయన మళ్లీ రాయలేదు.