అమ్మ పంపిన నీళ్ల క్యాన్

తేడా మొదటిసారి తెలిసింది ఒక సోమవారం ఉదయం డ్రిల్లులో. తొంభైల మధ్యలో సంగతి. ఆత్మకూరులో బి.పి.ఇడి. చదువుతున్నాను. పిల్లలకు ఆటలూ ఆరోగ్యమూ నేర్పే మాస్టర్లను తయారుచేసే చదువది. సారు విజిల్ వేసి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమన్నారు. అందరి చేతులూ నేలకు తగిలాయి. నావి పిక్కల దగ్గరే ఆగిపోయాయి. ఇంకొంచెం వంగబోతే నడుములో గుంజ పాతినట్టు అడ్డం పడింది.

"ఏందయ్యా, కొత్తల్లుడి మాదిరి బిగుసుకపోతా ఉండావే! వంగు!" అన్నారు సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ చెయ్యి అడ్డం సంగతి కూడా చెప్పాలి. మాది ఉదయగిరి దగ్గర కొండ కింద పల్లె. మా ఊళ్లో నా ఈడువాళ్లందరికీ పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. పక్క ఊళ్లవాళ్లు మమ్మల్ని చూసి "నోరు తెరిస్తే చాలు, యా ఊరో తెలిసిపోద్ది" అనేవాళ్లు. చిన్నప్పుడు అమ్మ నా పళ్లను బొగ్గుపొడితో చిగుళ్లు నెత్తురొచ్చేదాకా తోమేది. చారలు పోలేదు. నోరు మూసుకుని నవ్వడం మాత్రం నాకు అలవాటైపోయింది.

నడుము పట్టేయడాన్ని నేను జబ్బు అనుకోలేదు, బద్ధకం అనుకున్నాను. ఫిట్‌నెస్ చదివేవాడికి బద్ధకమంటే అంతకు మించిన తప్పు లేదు. అందుకని అందరికంటే ముందు లేచి గ్రౌండు చుట్టూ పరుగెత్తేవాణ్ణి. ఎంత చెమట పడితే అంత నీళ్లు తాగాలని క్లాసులో చెప్పారు. దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను.

నేను తాగేది మా ఊరి నీళ్లే. కాలేజీలో చేరిన కొత్తలో హాస్టల్ నీళ్లు పడక కడుపు చెడింది. అది విన్న దగ్గర్నుంచీ అమ్మ ప్రతి శనివారం మా ఊరి బోరు నీళ్లు ఒక పెద్ద క్యాన్‌లో పట్టి, మూతకు ఎర్రగుడ్డ బిగించి, నెల్లూరు పోయే బస్సులో డ్రైవరు పక్కన పెట్టించేది. నేను ఆత్మకూరు బస్టాండులో దింపుకునేవాణ్ణి. ఆ నీళ్లంటే అమ్మకు ఎంత గర్వమో చెప్పలేను. "మన బోరు నీళ్లల్లో పప్పు ఇట్టే ఉడికిపోద్ది. ఇట్టాంటి నీళ్లు ఈ చుట్టుపక్కల యాడుండాయి?" అనేది. తియ్యటి నీళ్లు. ఒక్క చుక్క కూడా వదలకుండా తాగాను.

నొప్పి పెరిగింది. వంగలేక బూట్ల లేసులు విప్పడం మానేసి, కట్టినవి కట్టినట్టే ఉంచి కాళ్లు దూర్చేవాణ్ణి. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది గానీ రాస్తాను. హాస్టల్ లెట్రిన్‌లో గొంతుక్కూర్చోలేక కుళాయి పైపు పట్టుకుని దిగి, దాన్నే పట్టుకుని లేచేవాణ్ణి. ఒకరోజు పైపు ఊడి చేతికొచ్చింది. నీళ్లు వరండా దాకా పారాయి. "ఎవుడురా పైపు పీకినోడు?" అని వార్డెన్ కేకలేస్తుంటే నేను తడి లాగుతో గదిలో గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. నా రూమ్మేటు సుధాకర్‌కు అనుమానం వచ్చింది. "నడుం నొప్పంటే చెప్పరా, దాంట్లో నామోషీ ఏముండాది?" అన్నాడు. నొప్పి లేదని వాడి మీద విరుచుకుపడ్డాను.

చివరికి వాడే బలవంతంగా ఊళ్లోని ఒక డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. "మజిల్ క్యాచ్. గేమ్స్ ఆడేవాళ్లకు మామూలే. రెస్ట్ తీసుకో, నీళ్లు బాగా తాగు" అని ఆయన ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్నాళ్లు హాయిగా ఉంది. నీళ్లు ఇంకా ఎక్కువ తాగాను.

తర్వాత జిమ్నాస్టిక్స్ ప్రాక్టికల్ వచ్చింది. ఫార్వర్డ్ రోల్‌కి గడ్డం ఛాతీకి ఆనించి గుండ్రంగా దొర్లాలి. నా మెడ వంగలేదు. నడినెత్తి చాపకు కొట్టుకుని పక్కకు పడ్డాను. అమ్మాయిల బ్యాచ్ కూడా అక్కడే ఉంది. ముందు అందరూ నవ్వారు. నేను లేవలేకపోవడం చూసి నవ్వు ఆపేశారు. నవ్వినప్పటికంటే ఆపేసినప్పుడే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఇద్దరు చంకల కింద చేతులేసి లేపారు. భూమి చీలితే అందులోకి పోయేవాణ్ణి.

కొత్తల్లుడని ఎగతాళి చేసిన సారే నన్ను నెల్లూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పెద్దాయన. చొక్కా విప్పించి నిలబెట్టారు.

"కాలివేళ్లు అందుకో. గడ్డం ఛాతీకి ఆనించు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి వేళ్లు కలుపు."

రేపు నేను పిల్లలకు చెప్పాల్సిన ఆర్డర్లే అవి. మా సారు చూస్తుండగా ఒక్కటీ సరిగ్గా చేయలేకపోయాను.

"ఏ ఊరు మీది?"

"ఉదయగిరి పక్కన సార్."

"నోటి మీద చెయ్యి తియ్యి. పళ్లు చూడనీ."

పుట్టి బుద్ధెరిగాక పరాయివాళ్ల ముందు నోరంతా తెరవడం అదే మొదలు. ఆయన ఎక్స్‌రే తీయించి లైటుకు పెట్టి చూపించారు. "బోన్స్ ఎంత డెన్స్‌గా ఉన్నాయో చూడు. ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్స్ కాల్సిఫై అవడం, అంటే గట్టిపడడం మొదలైంది. ఇది స్కెలెటల్ ఫ్లోరోసిస్. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తుంది. ఆత్మకూరులో ఏ నీళ్లు తాగుతున్నావు?"

"మా ఊరివే సార్. మా అమ్మ బస్సులో పంపిస్తుంది."

ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. "దీనికి టాబ్లెట్ లేదు. నీళ్లు మార్చడమే ట్రీట్‌మెంట్. పాలు తాగు, కాల్షియం, విటమిన్ సి వాడు. వయసులో ఉన్నావు, మొదట్లోనే పట్టుకున్నాం కాబట్టి నొప్పి తగ్గుతుంది. బిగిసిన ఎముక మాత్రం పూర్తిగా వెనక్కి రాదు" అన్నారు. తర్వాత మా బోరు నీళ్లూ, నా యూరినూ టెస్టుకు పంపించారు. ఆయన చెప్పిందే నిజమైంది.

అమ్మకు చెప్పలేకపోయాను. నువ్వు ప్రేమగా పంపినవే నన్ను ఇట్లా చేశాయని ఏ నోటితో చెప్పాలి? శనివారం క్యాన్ వచ్చేది. హాస్టల్ వెనక వాలీబాల్ కోర్టులో దుమ్ము అణగడానికి ఆ నీళ్లు చల్లి, ఖాళీ క్యాన్ తిరుగు బస్సులో పంపేవాణ్ణి. హాస్టల్ నీళ్లకే అలవాటుపడ్డాను. మెల్లగా నొప్పి తగ్గింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం అమ్మ చెంబు చేతికిస్తే కాదనలేక రోజూ తాగాను. కాలేజీకి తిరిగొచ్చేసరికి నడుము మళ్లీ మొదటికొచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు అమ్మ మా బంధువుల పెళ్లికని ఆత్మకూరు వచ్చి, చెప్పాపెట్టకుండా హాస్టలుకు వచ్చింది. నేను అప్పుడు కోర్టులో నీళ్లు చల్లుతున్నాను. మూతకున్న ఎర్రగుడ్డ చూసి ఆమె క్యాన్‌ని గుర్తుపట్టింది.

"ఏందిరా అది, నీళ్లు నేలపాలు చేస్తా ఉండావు?" అంది. క్యాన్ మూతి దగ్గర వాసన చూసి గొంతు తగ్గించింది. "వాసనొస్తా ఉండాయా? క్యాన్ సరింగా కడగలేదా నేను?"

ఆ మాటతో నా వల్ల కాలేదు. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. అమ్మ ఏడవలేదు. "నీళ్లు పంపించింది నేనేనని మీ సారుకు తెలుసునా?" అని అడిగింది. తెలుసన్నాను. సారు కంటపడకుండా కొంగు కప్పుకుని వెనక దారిన పెళ్లికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లాను. మా నాయన ఒప్పుకోలేదు. "ఊరంతా అయ్యే తాగతా ఉండారు గదరా, నీ ఒక్కడికే వచ్చిందా రోగం?" అన్నాడు. నాకు ఒళ్లు మండి, నాయననూ అమ్మనూ చెల్లెల్నీ నిలబెట్టి డాక్టరు చేయించిన డ్రిల్లు చేయించాను. నాయన సగం వంగి, "ఇది పని చేసిన నడుమురా" అని తిట్టుకుంటూ వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. చెల్లెలు అన్నీ చేసింది. అమ్మ చేతులు చెవుల దాకా కూడా లేవలేదు.

"అమ్మకు జడేసేది నేనే గదన్నా, ఎప్పటి నుంచో" అంది చెల్లెలు. గడ్డం ఆనించమంటే అమ్మ మెడ కొయ్యలాగా నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది, భోజనాల ముందు ప్రార్థనలో మేమంతా తల వంచితే అమ్మ తల ఎత్తుకుని కళ్లు మూసుకునేది. అది భక్తి అనుకునేవాణ్ణి. ఊరందరి ఒళ్లూ బాగుచేసే చదువు చదువుతూ ఇంట్లో అమ్మ ఒంటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా సిగ్గు దాచుకోవడంతోనే సరిపోయింది నాకు.

మా ఊరి చివర పాత బావి నీళ్లు ఉప్పగా ఉంటాయని ఊరు ఎప్పుడో వదిలేసింది. టెస్టు చేయిస్తే ఫ్లోరైడ్ సంగతిలో అవే నయమని తేలింది. ఇప్పుడు మేం అవే తాగుతున్నాం. ప్రాక్టికల్స్‌లో అత్తెసరు మార్కులతో, థియరీ ధర్మమా అని నేను పాసయ్యాను. కొండాపురం వైపు ఒక హైస్కూల్లో వ్యాయామం మాస్టర్ని. నొప్పి చాలా తగ్గింది, సైకిల్ తొక్కుతాను, పిల్లలతో పరుగెత్తుతాను. పూర్తిగా వంగడం మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో పిల్లలకు మొదటిరోజే చెప్పేస్తాను.

అమ్మకు వయసు మీరిపోయింది. నొప్పి కొంచెం తగ్గిందే గానీ చేతులు ఇంక లేవవు. చెల్లెలు పెళ్లయి వెళ్లాక ఆమె తల నేనే దువ్వుతున్నాను. కొడుకు చేత దువ్వించుకుంటుందని ఊరు నవ్వుతుందని, దువ్వెన నా చేతికిచ్చే ముందు వెళ్లి తలుపు వేసి వస్తుంది. ఆ తలుపు ఇప్పటిదాకా తెరిపించలేకపోయాను.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. మీరు తాగేది బోరు నీళ్లయితే టెస్టు చేయించండి. దాని రిపోర్టు వచ్చేలోపల, ఈ రోజే, మీ అమ్మను రెండు చేతులూ తల వెనక్కి పెట్టమని అడగండి. నవ్వుతుంది. పనుందంటుంది. అయినా వదలకుండా పెట్టించి చూడండి.